సూపర్ మార్కెట్ ఆర్డర్ తీసుకోవాలా వద్దా? మూడు వారాలుగా తేల్చలేకపోతున్నాం (పిండి యూనిట్, మధురవాడ)

పిండి_మధురవాడ

అందరికీ నమస్కారం. మాది విశాఖ మధురవాడలో ఇడ్లీ, దోశ పిండి ప్యాకెట్ల యూనిట్. రోజుకి 320 ప్యాకెట్లు, ఒక్కోటి కిలో. ఎం.వి.పి. కాలనీ నుంచి పి.ఎం. పాలెం దాకా 62 షాపులకి వేస్తున్నాం. ఎంఆర్‌పీ 70 రూపాయలు, షాపు మార్జిన్ 15 శాతం పోగా 59.50 చేతికొస్తుంది. బియ్యం, మినపగుళ్లు, కవరు, కరెంటు, డెలివరీ అన్నీ కలిపి ప్యాకెట్‌కి 41 పడుతోంది. నేనూ మా బావమరిదీ పార్ట్‌నర్లం. చేతిలో ఉన్న క్యాష్ 3,80,000.

ఒక సూపర్ మార్కెట్ చెయిన్ వాళ్లు రోజుకి ఇంకో 250 ప్యాకెట్లు అడుగుతున్నారు. మార్జిన్ 20 శాతం, అమ్ముడుపోనివి రిటర్న్, బిల్లుకి 30 రోజుల గడువు (చేతికొచ్చేసరికి 45 రోజులవుతుందని సప్లయర్లు చెబుతున్నారు). దీనికోసం రెండో టిల్టింగ్ గ్రైండరు, పెద్ద కూలరు, ఇంకో మనిషి కావాలి. కిస్తీ 22,000, జీతం 15,000, కరెంటు 8,000, మొత్తం నెలకి 45,000 అదనం.

మూడు వారాలైంది, అవుననలేదు, కాదనలేదు. బావమరిది తీసుకుందాం అంటాడు, నేను ఆగుదాం అంటాను. రోజూ రాత్రి అక్కడికే వచ్చి ఆగుతుంది. లేబుల్ రంగు తేల్చడానికీ ఇంతే సమయం పట్టింది. షాపులో రెండు ప్యాకెట్లు మార్చాలన్నా డెలివరీ కుర్రాడు నాకే ఫోన్ చేస్తాడు. తొందరగా, తప్పు లేకుండా నిర్ణయించే పద్ధతి కావాలి. ధైర్యం చెప్పే మాటలు వద్దు, దయచేసి లెక్కగా చెప్పండి.

లెక్క_డాబాగార్డెన్స్

మీరు అంకెలు ఇచ్చారు కాబట్టి ముందు అవే వేసి చూద్దాం. మూడు వారాలు తేలనిది పద్ధతి లేక కాదు, ఈ లెక్క కాగితం మీద పడకపోవడం వల్ల. ఇద్దరూ చెరో ఊహతో వాదించుకుంటే ఎన్ని రాత్రులైనా చాలవు.

సూపర్ మార్కెట్‌కి ప్యాకెట్ 56కి పోతుంది. 250 పంపితే బిల్లు 14,000, మీ ఖర్చు 10,250. రిటర్న్‌లు 8 శాతం అనుకోండి, 20 ప్యాకెట్లు వెనక్కొస్తాయి. అప్పుడు వచ్చేది 12,880, మిగిలేది 2,630. అందులోంచి కొత్త నెలవారీ ఖర్చు 45,000ని రోజుకి 1,500 చొప్పున తీసేస్తే 1,130 మిగులుతుంది. నెలకి దాదాపు 34,000. మీ బావమరిది చూస్తున్నది ఇదే, తప్పేం లేదు.

ఇప్పుడు రిటర్న్‌లు పెంచి చూడండి. రోజుకి 40 ప్యాకెట్లు, అంటే 16 శాతం వెనక్కొస్తే వచ్చేది 11,760. ఖర్చు 10,250, దాని మీద 1,500. చేతిలో మిగిలేది పది రూపాయలు. 16 దాటితే ప్రతిరోజూ మీ జేబులోంచే వేస్తున్నట్టు. కాబట్టి అసలు ప్రశ్న ఆర్డర్ తీసుకోవాలా వద్దా అన్నది కాదు. రిటర్న్‌లు 16 శాతం లోపు ఉంటాయా, అది కొంచెం ఖర్చుతో తెలుసుకునే దారి ఏమిటి అన్నది. ఈ ప్రశ్నకి ఇంట్లో కూర్చుంటే జవాబు రాదు, సరుకు పెట్టి చూస్తేనే వస్తుంది.

మీరు భయపడుతున్న చోటు ఇంకొకటి ఉంది, అది క్యాష్. సరుకుకి 10,250, కొత్త ఖర్చుకి 1,500, రోజుకి 11,750 బయటికి పోతుంది. మొదటి బిల్లు డబ్బు 45వ రోజుకి గానీ రాదు. 11,750ని 45తో గుణిస్తే 5,28,750. మీ దగ్గరున్నది 3,80,000. ఇప్పుడున్న షాపుల మీద వచ్చే మిగులు పాత జీతాలకీ అద్దెకీ సరిపోతుందనుకుంటే, 32వ రోజుకి ఖజానా ఖాళీ. మెషీన్ డౌన్ పేమెంట్ ఇంకా కలపలేదు. లాభం వచ్చే ఆర్డరే, కానీ లాభం చేతికొచ్చేలోపే మినపగుళ్లు కొనడానికి డబ్బుండదు. అందుకే మీ ఇద్దరూ కరెక్టే. ఆయన లాభం గురించి మాట్లాడుతున్నారు, మీరు క్యాష్ గురించి. ఒకే కాగితం మీద ఈ రెండు గళ్లూ గీసి అంకెలు వేస్తే వాదన అక్కడికక్కడ తెగిపోతుంది.

ముట్టుకోకూడని నిల్వ ఒకటి పక్కన పెట్టండి, 1,50,000 అనుకుందాం. మిగిలిన 2,30,000లో పూర్తి 250కి వెళ్లాలంటే డబ్బు 19 రోజుల్లో తిరిగి రావాలి. 45 రోజులే అంటే రోజుకి 80 ప్యాకెట్లు, కొత్త మెషీన్ లేకుండా. అప్పుడు లాక్ అయ్యేది 1,47,600. ఇది భరించగలరు. వాళ్లతో బేరం ఆడాల్సింది మార్జిన్ మీద కాదు, రోజుల మీద.

మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉందా? తయారీదారుగా మైక్రో కేటగిరీలో ఉంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే కొనుగోలుదారు 45 రోజులకి మించి ఆపకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. చిన్న పరిశ్రమల కోసం వచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం చెప్పేది ఇదే. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. 2023 బడ్జెట్‌లో వచ్చిన మార్పు ప్రకారం, మైక్రో, స్మాల్ సప్లయర్లకి ఆ గడువులో కట్టని బిల్లు నిజంగా కట్టేదాకా కొనుగోలుదారుకి పన్ను లెక్కలో ఖర్చుగా చెల్లదు. ఉద్యం నంబర్‌ని ప్రతి బిల్లు మీదా అచ్చు వేయించండి. అవతలి అకౌంట్స్ సెక్షన్ మీ బిల్లుని వేరే ఫైల్లో పెడుతుంది.

షిఫ్టు_ఆటోనగర్

లెక్క గారు చెప్పినదానికి ఫ్యాక్టరీ వైపు నుంచి కొన్ని కలుపుతాను.

రెండో గ్రైండరు నిజంగా కావాలో లేదో ముందు చూడండి. వాయికి ఎంతసేపు, రోజుకి ఎన్ని వాయిలు, ఒక వారం గోడ మీది పలక మీద రాయించండి. 40 నిమిషాల వాయిలు రోజుకి 12 పడుతుంటే మెషీన్ తిరిగేది 8 గంటలే, మిగతా టైం ఖాళీ. సమస్య రుబ్బడంలో కాదు, చల్లబెట్టే చోటులో ఉందన్నమాట. ఏటంటే, వరసగా వాయిలు వేస్తే రాళ్లు వేడెక్కుతాయి, ఆ వేడికి మినప్పిండి సరిగ్గా పొంగదు. ఐసు నీళ్లు పోస్తూ, వాయికీ వాయికీ మధ్య పావుగంట వదిలి చూడండి. 80 ప్యాకెట్ల ట్రయల్‌ని ఉన్న మెషీన్ మీదే రాత్రి వాయిలతో లాగొచ్చు. అయితే ఒక్క మెషీనే ఉంటే, అది చెడిపోయిన రోజు 62 షాపులూ ఆగిపోతాయి. దానికి కొత్తది అక్కర్లేదు, సెకండ్ హ్యాండ్‌లో చిన్నది ఒకటి స్పేర్‌గా ఉంచుకోండి.

కొత్త మోటార్, కూలర్ పెడితే కాంట్రాక్టెడ్ లోడ్ (కనెక్షన్ మీద ఒప్పుకున్న కరెంటు పరిమితి) పెంచమని కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్‌కి అప్లై చేయాలి. 2 హెచ్‌పీ మోటార్ ఒక్కటే 1.5 కిలోవాట్. పెంచిన లోడ్‌కి ఫిక్స్‌డ్ ఛార్జీ మెషీన్ తిరిగినా తిరగకపోయినా పడుతుంది. గ్రైండరు అమ్ముకోవచ్చు, ఈ ఛార్జీ మాత్రం నెలనెలా వస్తూనే ఉంటుంది. లెక్కలో దీన్ని మర్చిపోతుంటారు.

ఫోన్ల విషయం. పిండి వ్యాపారంలో నిర్ణయానికి సహజంగానే ఒక గడువు ఉంది, అది నానబోసే టైం. రేపు తెల్లారి షాపుకి వెళ్లే పిండికి ఈ మధ్యాహ్నం మినపగుళ్లు నానాలి, 4 నుంచి 5 గంటలు. కాబట్టి ఉదయం 11:30కి రేపటి అంకె మూసేయండి. ఆ తర్వాత ఏ షాపు ఫోన్ చేసినా ఎల్లుండి లెక్కలోకే. ఈ ఒక్క రూల్‌తో రోజుకి పది పన్నెండు చిన్న నిర్ణయాలు మీ దగ్గరకి రావు.

డెలివరీ కుర్రాడికి: ఒక షాపుకి రోజుకి 3 ప్యాకెట్ల దాకా అడక్కుండా మార్చవచ్చు, కానీ ఫొటో తీసి కారణం రాయాలి. కారణాలు నాలుగే: ఉబ్బింది, పులిసింది, కారింది, తేదీ అయిపోయింది. నాలుగో ప్యాకెట్ దగ్గర ఫోన్ చేయాలి. సరుకు కొనేవాడికి: మినపగుళ్లు పోయినసారి ధర కన్నా 8 శాతం లోపు పెరిగితే మామూలు పరిమాణం కొనేయాలి, అది దాటితే ఫోన్. పార్ట్‌నర్లకి: 25,000 దాకా ఎవరికి వారే. పైన ఇద్దరూ. లోను, లీజు, సంతకం పెట్టే ఏ కాగితమైనా రూపాయి అయినా సరే ఇద్దరూ. దీన్ని ఒక పేజీ ప్రింటు తీసి కూలరు తలుపు మీద అంటించండి. మాటగా చెబితే వారానికే మళ్లీ ఫోన్లు మొదలవుతాయి, ఎందుకంటే తప్పయితే తిట్లు ఎవరికి పడతాయో కుర్రాడికి తెలియదు. పరిమితి లోపల పొరపాటు జరిగితే మొదటి నెల ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడకండి.

పిండి_మధురవాడ

లెక్క గారూ, క్యాష్ సంగతి కాగితం మీద చూసేసరికి ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది, చాలా థాంక్స్. ఉద్యం ఉంది, బిల్లు మీద నంబర్ లేదు, వేయిస్తాం. ఒక అనుమానం. 70 శాతం సమాచారం ఉంటే చాలు, నిర్ణయం తీసేసుకోవాలి అని బావమరిది ఎక్కడో చదివాడు. అది అన్నిటికీ వర్తిస్తుందా? లేబుల్‌కీ, లీజుకీ ఒకటేనా?

నెమ్మది_లాసన్స్‌బే

అన్నిటికీ వర్తించదు. అమెజాన్ జెఫ్ బెజోస్ 2016 సంవత్సరానికి వాటాదార్లకి రాసిన లేఖలో ఉంది ఆ మాట. ఎక్కువ నిర్ణయాలకి, కావాలనుకున్న సమాచారంలో 70 శాతం దగ్గర నిర్ణయించాలి, 90 దాకా ఆగితే చాలావరకు ఆలస్యమైనట్టే అని. అంతకు ముందు ఏడాది లేఖలోనే ఆయన నిర్ణయాలని రెండు రకాలుగా విడదీశాడు: వెళ్లాక వెనక్కి రాలేని తలుపులు, మళ్లీ తీసుకుని వెనక్కి రాగలిగిన తలుపులు. ఆ తేడా చెప్పకుండా 70 అంకె ఒక్కటే పట్టుకుంటే ప్రమాదం.

మీ పనిలో వెనక్కి రాలేనివి లెక్కపెట్టి చూస్తే ఐదారే. లాక్-ఇన్ (గడువు లోపు వదల్లేని షరతు) ఉన్న షెడ్ లీజు, ఆస్తి తాకట్టు పెట్టే లోను, పార్ట్‌నర్‌షిప్ డీడ్, నీళ్ల టెస్టు, ఫుడ్ లైసెన్సు, ఒక్క కొనుగోలుదారు మీదే సగం పైన అమ్మకం ఆధారపడే ఒప్పందం. వీటికి 70 చాలదు. నీళ్ల టెస్ట్ రిపోర్టు రాకుండా కొత్త బోరు నీళ్లు వాడటం ‘ఫాస్ట్ డెసిషన్’ కాదు, జనం ఆరోగ్యంతో ఆట. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను, తినే వస్తువు కదా.

మిగతావి నిజంగానే తొందరగా తేల్చదగ్గవి. లేబుల్ తీసుకోండి. రంగు నచ్చకపోతే నష్టం ఒక ప్రింటు ఖర్చు. 20,000 కవర్లు ఒకేసారి వేయించకుండా 2,000 వేయిస్తే అది వెనక్కి రాగలిగే తలుపే, రెండు రోజులు చాలు. కానీ అదే కవరు మీద లైసెన్సు నంబర్, నికర బరువు, ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన తేదీ, వాడాల్సిన గడువు, పచ్చచుక్క ఉంటాయి చూడండి, వాటికి తొందర పనికిరాదు. ఇద్దరు విడివిడిగా చదివి సంతకం పెట్టాలి. ఒకే కవరు మీద రెండు రకాల నిర్ణయాలు ఉన్నాయి. మీరు రంగుకి మూడు వారాలు పెట్టారు, మిగతావి ఎవరు చదివారో ఒకసారి చూసుకోండి.

వెనక్కి రాలేని దాన్ని వెనక్కి రాగలిగేలా మార్చడమే అన్నిటికన్నా వేగం పెంచుతుంది. కూలర్ కొనే బదులు మూడు నెలలు అద్దెకి తేవచ్చు. మనిషిని నెలజీతం మీద పెట్టే ముందు నాలుగు వారాలు రోజుకూలి మీద రాత్రి షిఫ్టుకి పిలవచ్చు. షెడ్ లీజులో మూడేళ్ల లాక్-ఇన్ బదులు, మూడు నెలల నోటీసుతో వదిలే క్లాజు అడగవచ్చు, నెలకి కొంచెం ఎక్కువ అద్దె ఇచ్చినా సరే. ఆ ఎక్కువ అద్దెని తప్పు దిద్దుకునే హక్కుకి కట్టే ధర అనుకోండి.

ఇద్దరు_సీతమ్మధార

పార్ట్‌నర్ల మధ్య తేలకపోవడం గురించి ఎవరూ రాయలేదు, అది రాస్తాను.

రాత్రి భోజనాల దగ్గర వ్యాపారం మాట్లాడటం ఆపండి. అలసట మీద ఎవరి పాత మాట వాళ్లు మళ్లీ చెబుతారు. డెలివరీలు అయ్యాక ఉదయం 10:30కి, నిలబడే, పది నిమిషాలు. పలక మీద మూడు గళ్లు: ఏది తేలాలి, ఎవరు తేల్చాలి, ఏ తేదీలోపు. ‘ఎవరు’ గడిలో ఒక్క పేరే ఉండాలి. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరూ లేనట్టే. అమ్మకాలు, షాపులు ఒకరికి, ఉత్పత్తి, కొనుగోళ్లు ఇంకొకరికి ఇచ్చేస్తే పేరు రాయడం తేలిక. రెండోవాళ్లు వాదించవచ్చు, కానీ పేరున్నవాళ్లు తేల్చాక షాపు దగ్గర, పనివాళ్ల దగ్గర ఇద్దరి నోటా ఒకే మాట రావాలి.

పెద్ద నిర్ణయాలకి, ఈ ఆర్డర్ లాంటి వాటికి, ‘ప్రీమార్టెమ్’ అనే పద్ధతి ఉంది. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2007లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దీని గురించి రాశారు. అరగంట చాలు. మీరిద్దరు, డెలివరీ కుర్రాడు, రుబ్బేచోట ఉండే పెద్దమనిషి కూర్చోండి. ‘వచ్చే సంక్రాంతికల్లా ఈ ఆర్డర్ వల్ల మనం మునిగిపోయాం, అది జరిగిపోయింది, ఎందుకు?’ అని అడగండి. ఏం జరగొచ్చు అని అడిగితే మర్యాదకి అంతా బాగానే ఉంటుందంటారు. జరిగిపోయిందని చెబితే కారణాలు బయటికొస్తాయి. ఎవరి కాగితం మీద వాళ్లు ఐదు నిమిషాలు మాట్లాడకుండా రాయాలి. తర్వాత చిన్నవాళ్ల నుంచి మొదలుపెట్టి చదవాలి, మీరు ఆఖర్న. మన ఇళ్లలో బావ ఒక మాట అన్నాక బావమరిది దాన్ని కాదనడు, పనివాడు అసలు నోరే తెరవడు. స్టోరులో రాత్రి చిల్లర్ (ప్యాకెట్లు పెట్టే ఫ్రిజ్) కట్టేస్తారన్న సంగతి మీకన్నా ముందు డెలివరీ కుర్రాడికే తెలుస్తుంది. అది వాడి కాగితం మీదే ఉంటుంది.

వచ్చిన కారణాల్లో పెద్దవి మూడు తీసుకుని, ఒక్కోదానికి ముందుగా కనిపించే గుర్తు ఏమిటో, ఆ గుర్తు కనిపిస్తే ఏం చేస్తారో పక్కన రాయండి. మూఢం, ముహూర్తం పట్టింపు ఇంట్లో ఉంటే దాన్ని కూడా మొదటిరోజే తేదీల్లో కలపండి. అంతా తేలాక ‘ఇప్పుడు కాదు’ అంటే అవతలివాళ్లు వేరే సప్లయర్‌ని చూసుకుంటారు.

ఒక నోటుబుక్ పెట్టండి. తేదీ, ఏం నిర్ణయించాం, ఇంకేం దారులు చూశాం, ఏ అంకె వస్తుందనుకుంటున్నాం, ఏ తేదీన తిరిగి చూస్తాం. ఐదు లైన్లు. నెలకి ఒకసారి తిరగేస్తే మీ ఇద్దరిలో ఎవరి అంచనా ఏ విషయంలో ఎటు వాలుతుందో తెలుస్తుంది. రిటర్న్‌లు ఎప్పుడూ తక్కువగా అంచనా వేసేది ఒకే మనిషి అయితే, ఆ మనిషి అంకెకి వచ్చేసారి కొంత కలుపుకుంటారు. ఫలితం చెడిపోయినంత మాత్రాన నిర్ణయం తప్పని కొట్టేయకండి. ట్రయల్లో స్టోరు చిల్లర్ పాడై రిటర్న్‌లు పెరిగితే తప్పు మీ లెక్కది కాదు.

పిండి_మధురవాడ

ఇవాళ ఇద్దరం కూర్చుని రాసింది ఇది. పూర్తి 250 ఇప్పుడు వద్దు. రెండు స్టోర్లు, రోజుకి 80, నాలుగు వారాలు. ఉన్న మెషీన్ మీద రాత్రి వాయిలు, రోజుకూలి మనిషి. 15 రోజుల పేమెంట్ అడుగుతాం, ఒప్పుకోకపోయినా 80కి సరే. నాలుగు వారాల సగటు రిటర్న్ 10 శాతం లోపుంటే పెంచుతాం, 10 నుంచి 16 మధ్యయితే స్టోరుకి పంపే అంకె తగ్గించి ఇంకో రెండు వారాలు, 16 దాటితే ఆపేస్తాం. అమ్మకాల వైపు బావమరిది పేరు రాశాం. గురువారం లోపు వాళ్లకి జవాబు. ఇందులో ఏమైనా లోటుందా?

షిఫ్టు_ఆటోనగర్

రెండున్నాయి. నాలుగు వారాలూ నిండు వారాలు కావాలి. మన దగ్గర శనివారం రాత్రి పలహారం చేసే ఇళ్లు చాలా ఉంటాయి, ఆదివారం ఉదయం దోశలు. శుక్ర, శని అమ్మకం చూసి మురిసిపోయి మంగళవారం కూడా అంతే పంపితే రిటర్న్‌లన్నీ ఆ మంగళ, బుధవారాల్లోనే వస్తాయి. 80ని ఏడు రోజులకీ సమానంగా పంచకండి. వారం మధ్యలో 65, శుక్ర శనివారాల్లో 110 నుంచి 120 పెట్టి చూడండి. కార్తీకమాసం ట్రయల్ మధ్యలో పడితే ఆ నెల అంకెల్ని విడిగా రాసుకోండి, మామూలు నెలకి అవి సరిపోవు.

రెండోది, కుర్రాడి చేతిలో చిన్న డిజిటల్ థర్మామీటర్ పెట్టండి. రోజూ తెల్లారి ఆ రెండు స్టోర్ల చిల్లర్లలో, ప్యాకెట్లు పెట్టే అరలోనే, తలుపు దగ్గర కాదు, చూసి రాయాలి. 4, 5 డిగ్రీలుంటే మంచిది. 8 దాటితే పులియడం ఆగదు, గ్యాసు పట్టి కవరు ఉబ్బుతుంది, మే నెల ఉక్కలో ఇంకా త్వరగా. ఉబ్బిన రిటర్న్‌లూ తేదీ అయిపోయిన రిటర్న్‌లూ విడివిడిగా లెక్కపెట్టకపోతే, 16 దాటినప్పుడు ఆపాల్సింది ఆర్డర్‌నా, మార్చాల్సింది చిల్లర్‌నా తెలియదు. ఉబ్బినవి స్టోరు ఖాతాలో, తేదీ అయినవి మీ ఖాతాలో పడేలా ఒప్పందంలో ఒక లైన్ రాయించండి, ఉష్ణోగ్రత చీటీ సాక్ష్యం.

లెక్క_డాబాగార్డెన్స్

ఇంకొక్కటి, ట్రయల్ అక్టోబరు, నవంబరుల్లో పడితే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను రూల్ ఇప్పుడే రాసేయండి, ఆ రోజు కూర్చుని తేల్చడానికి టైం ఉండదు. వాతావరణ శాఖ తుపాను అలర్ట్ కనీసం 48 గంటల ముందు, వార్నింగ్ కనీసం 24 గంటల ముందు ఇస్తుంది. విశాఖ జిల్లాకి అలర్ట్ పడితే నానబోసేది సగం. వార్నింగ్ పడితే ఆ మధ్యాహ్నం నానబోయడం బంద్, కూలర్‌లో ఉన్న సరుకు ఆ సాయంత్రమే షాపులకి, జనరేటర్‌కి డీజిల్ ముందురోజే. ఇది చేయడానికి ఉత్పత్తి చూసే మనిషి ఎవర్నీ అడగక్కర్లేదని ఆ కూలరు తలుపు మీది పేజీలోనే కలపండి. వార్నింగ్ వచ్చాక నానబోసిన మినపగుళ్లు కరెంటు పోతే మర్నాటికే పాడవుతాయి. నానబోయని బస్తా గోడౌన్‌లో తడవకుండా ఎత్తున ఉంటే అలాగే ఉంటుంది.